మా కాలనీ చెరువు చుట్టూ ఆరేళ్ల నడక

గుంటూరుకు గర్తపురి అన్న పాతపేరు ఉన్నదని, గుంట అన్నా గర్త అన్నా నీళ్లు నిలిచే పల్లమేనని మా నాన్నగారు చెబుతుండేవారు. అలాంటి గుంటల్లో మిగిలిన ఒకదాని చుట్టూ నేను ఆరేళ్లుగా, వారానికి నాలుగైదు రోజులు నడుస్తున్నాను. ఎక్కడా ఆగకపోతే ఒక చుట్టు తొమ్మిది నిమిషాల్లో పూర్తవుతుంది. వ్యాయామం కోసం వచ్చేవారికి ఈ దారి చాలదు. చూడటానికి వచ్చేవారికి మాత్రం ఆ ఒక్క చుట్టుకే ముప్పావుగంట పడుతుంది కనుక, వారి కోసమే ఇది రాస్తున్నాను.

చెరువుకు మూడు వైపుల రాతి రివిట్‌మెంటు, అంటే గట్టు కోసుకుపోకుండా రాతి తొడుగు, కట్టి, పైన సిమెంటు పలకలు పరిచారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు అది అనువైన దారి. అయితే చూడదగినదంతా పడమటి వైపు మిగిలిన మట్టిగట్టు దగ్గరే ఉంది. అక్కడ జమ్ము, తుంగ ఒత్తుగా పెరిగాయి. మట్టిరంగులో కలిసిపోయి కదలకుండా నిలబడే గుడ్డికొంగ, మనం నాలుగడుగుల దూరానికి వచ్చాక ఒక్కసారిగా ఎగిరితే, అంతవరకు దాగి ఉన్న తెల్లని రెక్కలు విచ్చుకుంటాయి. ఇన్నేళ్లయినా ఆ క్షణంలో నేను ఉలిక్కిపడుతూనే ఉంటాను.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది నీటిలో మునిగి తేలే చిన్న పక్షి బుడబుంగ. నీటి మొక్కల మీద తేలే దాని గూడును ఒక వానాకాలంలో బైనాక్యులర్స్‌తో ప్రతి ఉదయం గమనించాను. గూడు విడిచి నీటిలోకి దిగేముందు ఆ పక్షి తడి నాచును ముక్కుతో లాగి గుడ్ల మీద కప్పుతుంది. కాకి కంటికి అది కుళ్లిన చెత్తకుప్పలాగే కనబడుతుంది. మొదట తెల్లగా ఉన్న గుడ్లు ఆ నాచు మరకలతో రోజురోజుకూ గోధుమరంగుకు తిరిగాయి. పిల్లలు బయటికి రాకముందే గుర్రపుడెక్క తొలగించే యంత్రం వచ్చి, ఆ మూలనంతా ఒక్క పూటలో ఎత్తివేసింది. గుర్రపుడెక్క నీటిపైన పరుచుకుంటే కింద వెలుతురు, ప్రాణవాయువు తగ్గిపోతాయి కాబట్టి దానిని తీయవలసిందే. కానీ పక్షులు పొదిగే నెలల్లో కాక వేసవి మొదట్లో, కొంత కొంతగా తీయించి ఉంటే ఆ గూడు నిలిచేది. ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

సూర్యోదయానికి పావుగంట ముందే రావడం మంచిది. దోమలు విపరీతం కనుక నిండు చేతుల చొక్కా తప్పనిసరి. వాన పడిన మర్నాడు మట్టిగట్టు మీద నల్లరేగడి చెప్పులకు అంటుకుని కాలు జారుతుంది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగల గుంపులు చూడాలనుకునేవారు దగ్గరలోని ఉప్పలపాడు పక్షుల కేంద్రానికి వెళ్లాలి. ఇక్కడ వాటిని ఆశించరాదు.

లకుముకి పిట్ట నిట్టనిలువు మట్టిగోడలో మూరెడు లోతు బొరియ తవ్వి గుడ్లు పెడుతుంది. రాతికట్టులో దానికి చోటు లేదు. పడమటి గట్టులో ఈ ఏడాది కూడా ఒక బొరియ ఉంది. గత నెలలో ఆ గట్టు పొడవునా సున్నపు గీతలు గీశారు, రివిట్‌మెంటు అక్కడికీ వస్తుందంటున్నారు. కనీసం ఇరవై అడుగుల మట్టిగోడనైనా వదిలిపెట్టమని ఉదయం నడిచేవారం పదిహేనుమందిమి సంతకాలు చేసి అర్జీ ఇచ్చాము. జవాబు ఇంకా రాలేదు.