ఏపీఐ జీహెచ్ కేహెచ్ టెస్ట్ కిట్: మన తిరుపతి బోరు నీళ్ళలో చెర్రీ రొయ్యలు పెంచేవాళ్ళ కోసం

ఈ కిట్ కొని ఎనిమిది నెలలైంది. రాయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా, ఎందుకంటే మన ఊర్లో అక్వేరియంలో పెంచే రెడ్ చెర్రీ రొయ్యలు తెచ్చుకుని నెల తిరక్కముందే పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలిసే నలుగురున్నారు, అందరి దగ్గరా టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగినవన్నీ కలిపి ఒక నంబర్ చెప్పేది) మాత్రం ఉంది.

నాది కూడా అదే కథ. మాది ఎంఆర్ పల్లి, బోరు నీళ్ళు, టీడీఎస్ 900. బకెట్ అడుగున తెల్లగా పేరుకుంటాది, ఆ నీళ్ళతో పెడితే పప్పు ఉడకదు, సోపు నురగ రాదు. ఇట్లాంటి నీళ్ళలో చిన్న రొయ్యలు బతుకుతాయా అని ఇంట్లో తాగే ఆర్వో నీళ్ళే ట్యాంక్ నిండా పోసినా. మీటరు 30 చూపించింది, బాగుంది అనుకున్నా. రొయ్యలు అమ్మిన షాపాయన కూడా టీడీఎస్ తక్కువుంటే మంచిది అన్నాడు. మూడో వారం నుంచి రోజుకొకటి చావడం మొదలైంది. చచ్చినవాటికి తల వెనకాల చుట్టూ తెల్లటి గీత, ఉంగరం తొడిగినట్టు. కుబుసం విడిచేటప్పుడు వీపు మీద చీలాల్సిన పెంకు చుట్టూతా తెగితే రొయ్య దాంట్లోంచి బయటికి రాలేదు, అందులోనే ఇరుక్కుని చస్తాది. ఇరవైలో మూడు మిగిలినాయి. చాలా బాధేసింది.

కోట ఊరి దగ్గర మా మామకి వనామీ రొయ్యల చెరువులున్నాయి. ఫోన్ చేసి చెప్తే ఆయన మొదట అడిగింది టీడీఎస్ కాదు. "హార్డ్‌నెస్ ఎంత, ఆల్కలినిటీ ఎంత అల్లుడా?" అన్నాడు. తెలీదు మామా అంటే, "చెరువుకి మేము బస్తాలు బస్తాలు మినరల్స్ ఏస్తాంటే నువ్వు మినరల్స్ తీసేసిన నీళ్ళు పోస్తివే" అన్నాడు. ఆ మాటతోనే ఈ కిట్ ఆర్డర్ పెట్టినా. ఆయన అడిగిన ఆ రెండే ఇది చెప్తాది, జీహెచ్ అంటే నీళ్ళలో కాల్షియం మెగ్నీషియం, కేహెచ్ అంటే కార్బొనేట్ బైకార్బొనేట్, పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం కొలత) ఒక్కసారిగా పడిపోకుండా పట్టుకునేది ఈ కేహెచ్చే.

వాడటం చాలా సులువు. ట్యూబులో గీత వరకు 5 ఎంఎల్ నీళ్ళు పోసి కిట్ బాటిల్‌లోని మందు ఒక్కో చుక్కా వేస్తూ మూత పెట్టి ఊపాలి, జీహెచ్ అయితే ఆరెంజ్ నుంచి ఆకుపచ్చకి, కేహెచ్ అయితే నీలం నుంచి పసుపుకి మారుతాది. ఎన్ని చుక్కలకి మారితే అన్ని డిగ్రీలు. ఒక డిగ్రీ అంటే 17.9 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు), మా మామ లెక్క పీపీఎంలో కాబట్టి ఆయనకి గుణించి చెప్తా. మొదటి చుక్కకి రంగు పల్చగా ఉంటాది, తెల్ల కాగితం ముందు పెట్టి పైనుంచి చూడండి. బోరు నీళ్ళకి చుక్కలు ఎక్కువ పడతాయి కాబట్టి నేను 2.5 ఎంఎల్ బోరు, 2.5 ఎంఎల్ ఆర్వో కలిపి టెస్ట్ చేసి వచ్చినదాన్ని రెండుతో గుణిస్తా, సగం బాటిల్ మిగుల్తాది.

మా బోరుకి జీహెచ్ 22, కేహెచ్ 18 వచ్చింది. ఆర్వోకి రెండూ సున్నా అనే లెక్క, మొదటి చుక్కకే మారిపోయింది. చెర్రీ రొయ్యలకి జీహెచ్ 6 నుంచి 10, కేహెచ్ 2 నుంచి 6 మధ్య ఉంటే హాయిగా ఉంటాయి. అంటే ఒక వంతు బోరు, రెండు వంతులు ఆర్వో కలిపితే జీహెచ్ 7, కేహెచ్ 6 దగ్గరికి వస్తాది, అంతే! బయట దేశాల నుంచి వచ్చే రొయ్యల మినరల్ పౌడర్ కొందామని చూస్తా ఉన్నా, దాని అవసరమే రాలేదు, మనకి కావాల్సిన మినరల్ మన బోర్లోనే ఉండాది. ఈ మిక్స్ టీడీఎస్ 320 దాకా వస్తాది, పుస్తకం లెక్కకి కొంచెం ఎక్కువే గానీ నా రొయ్యలకి ఇబ్బంది కనపళ్ళేదు. క్రిస్టల్ రెడ్ లాంటి కరిడినా రకాలు పెంచాలంటే మాత్రం ఈ దారి పనికిరాదు, వాటికి కేహెచ్ దాదాపు సున్నా ఉండాలి, ఆర్వోలో కేహెచ్ లేని మినరల్ కలిపి పోసుకోవాల్సిందే.

ఇంకో విషయం, ఇది తప్పకుండా చదవండి. అలిపిరి వైపు అపార్ట్‌మెంట్‌లో ఉండే ఫ్రెండ్ ట్యాంక్ కూడా ఈ కిట్‌తోనే చూసినాం. కొళాయి నీళ్ళు టీడీఎస్ 700 పైన, జీహెచ్ మాత్రం ఒకే ఒక్క చుక్క. నేను నమ్మక మళ్ళీ చేసినా, అదే. వాళ్ళకి సాఫ్ట్‌నర్ ఉంది, కింద ఉప్పు బస్తాలు పోస్తారే అది, అది కాల్షియం మెగ్నీషియం పట్టుకుని వాటి బదులు సోడియం వదుల్తాది. మీటరుకి ఉప్పైనా కాల్షియమైనా ఒకటే, నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఒక నంబర్ చెప్తాది. వాడు మూడు నెలలుగా ఆ నంబర్ చూసే మినరల్స్ నిండుగా ఉన్నాయనుకున్నాడు పాపం.

అట్లని మీటరు పారేయొద్దు. మన ఎండలకి ఏప్రిల్ మే నెలల్లో నీళ్ళు చల్లబడ్డానికి ట్యాంక్ మీద ఫ్యాన్ పెడతాం కదా, నీళ్ళు ఆవిరైపోతాయి గానీ మినరల్స్ ఆవిరి కావు, రోజురోజుకీ టీడీఎస్ ఎక్కుతాది. తగ్గినంత వరకు ఉత్త ఆర్వో నీళ్ళే పోయాలి, మిక్స్ పోస్తే జీహెచ్ పెరిగిపోతాది. వారానికొకసారి పది శాతం మార్చేటప్పుడే మిక్స్ పోయాలి. అంతకంటే ఎక్కువ ఒకేసారి మారిస్తే టైం కాకుండానే కుబుసం విడిచి చచ్చిపోవచ్చు.

మున్సిపాలిటీ నీళ్ళు వాడేవాళ్ళు, కళ్యాణి డ్యాం అయినా తెలుగుగంగ అయినా, ముందు క్లోరిన్ పోగొట్టి తర్వాత టెస్ట్ చేసుకోండి, పక్కింటి రీడింగ్ నమ్ముకోవద్దు. అమ్మోనియా, నైట్రైట్ ఈ కిట్‌లో రావు, వాటికి వేరే కొనాలి.

రేటు నేను కొన్న ఇరవై రొయ్యల కంటే ఎక్కువే అయింది. అయినా నేను ఐదుకి ఐదు ఇస్తా. మిగిలిన ఆ మూడింట్లో రెండు ఆడవి, మిక్స్ నీళ్ళకి మార్చిన రెండో నెలకి ఒకదాని కడుపు కింద పచ్చగా గుడ్లు కనపడినాయి. మొన్న ఆదివారం టార్చ్ వేసి రొయ్యల్ని లెక్కపెడితే అరవై దాటినాయి, నాచు కింద ఉన్న పిల్లల్ని లెక్కపెట్టలేకపోయినా.