లోతు సముద్రంలో జీవుల చిరునామా: ఉపగ్రహమా, సోనారా, కెమెరానా? ఏది మేలు?

మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ), నీటి ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ చూసి చేపలు ఎక్కడ దొరుకుతాయో తీరానికి చెబుతుంటుంది. ఆ అంచనా నిజమో కాదో వల లాగగానే తేలిపోతుంది. నాలుగైదు వేల మీటర్ల లోతులో తేల్చేవాళ్లెవరూ లేరు. అక్కడ నేల తీరును బట్టే ఏ జీవులు ఉండొచ్చో ఊహిస్తారు. అందుకే ఏ పటాన్ని నమ్ముతున్నామన్నది చాలా ముఖ్యం.

ఉపగ్రహ పటం చవక, భూమంతటికీ ఉంది. సముద్రం అడుగున ఉన్న కొండ గురుత్వాకర్షణతో తన వైపు నీటిని లాక్కుంటుంది, పైన నీటిమట్టం కాస్త ఉబ్బుతుంది. ఆ ఉబ్బును కొలిచి కింద ఏముందో లెక్కగడతారు. కానీ కొన్ని కిలోమీటర్ల కంటే చిన్నవి ఇందులో తెలియవు. చార్మినార్ నుంచి హుస్సేన్‌సాగర్ దాకా అంతా ఒకే మరకలా ఉంటుంది. ఓడను ఎటు పంపాలో తేల్చుకోవడానికి ఇది చాలు, అంతకు మించి వాడకూడదు.

మల్టీబీమ్ సోనార్ సంగతి వేరు. ఇది ఓడ నుంచి ఒకేసారి ఎన్నో ధ్వని కిరణాలను కిందికి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి లోతు కొలుస్తుంది. 4,000 మీటర్ల లోతులో ఒక డిగ్రీ కిరణం సుమారు 70 మీటర్ల మేర నేలను తాకుతుంది. అంటే చార్మినార్, మక్కా మసీదు విడివిడిగా కనిపిస్తాయి. వాలు ఎంత, నేల ఎంత ఎగుడుదిగుడు, చుట్టుపక్కల కంటే ఎత్తా పల్లమా అన్నవి దీన్నుంచే లెక్కిస్తారు. చల్లని నీటి పగడాలు, స్పాంజీలు గట్టి రాయిని పట్టుకుని, ప్రవాహం మోసుకొచ్చే ఆహారం మీద బతుకుతాయి కాబట్టి ఎత్తైన గట్లు వాటికి అనువు. అయితే ఎంత దూరం వరకు పోల్చామన్నది చూసుకోవాలి. 500 మీటర్ల పరిధిలో శిఖరంగా తేలిన గట్టు, 10 కిలోమీటర్ల పరిధిలో లోయలో భాగమని తేలొచ్చు. పైగా ఓడ ఖర్చు ఎక్కువ, పని నెమ్మది. సముద్రగర్భం మొత్తానికి పటం గీయాలని 2017లో సీబెడ్ 2030 ప్రాజెక్టు మొదలైనా, ప్రపంచ సముద్రగర్భంలో ఇలా కొలిచింది పావు వంతుకు కాస్త ఎక్కువే.

ఇంత మంచి సోనార్ పటం కూడా మోసపోయే చోటు ఒకటుంది. మధ్య హిందూ మహాసముద్రంలో మన దేశానికి అన్వేషణ హక్కున్న 75,000 చదరపు కిలోమీటర్లలో, 5,000 మీటర్లకు పైగా లోతున, అరచేతిలో పట్టే నాడ్యూల్స్, అంటే లోహాలున్న గట్టి ముద్దలు, పరుచుకుని ఉన్నాయి. ఎత్తుపల్లాల పటం ఒక్కటే చూస్తే వాటి జాడే తెలియదు. పసిఫిక్‌లోని క్లారియన్-క్లిప్పర్టన్ ప్రాంతంలో కెమెరాలతో చూస్తే, పెద్ద జీవ జాతుల్లో సుమారు సగం నాడ్యూల్స్ మీదే కనిపించాయి. ప్రతిధ్వని ఎంత బలంగా తిరిగొచ్చిందో చూస్తే నేల గట్టిదో మెత్తనిదో కొంత తెలుస్తుంది. అక్కడ ఎవరున్నారో మాత్రం కెమెరానే చెప్పాలి. అది ఒక్కసారికి చూసేది కొన్ని మీటర్ల వెడల్పే అయినా సరే.

డబ్బు ఒక్కదానికే ఉంటే నేను సోనార్‌నే ఎంచుకుంటాను. కానీ నాడ్యూల్స్ తవ్వకానికి అనుమతి ఇవ్వాల్సి వస్తే కెమెరా దిగని పటాన్ని ఒప్పుకోను. ఆ కెమెరాను జీవులుంటాయని నేల తీరును బట్టి వేసిన అంచనా చెప్పిన చోటికే కాదు, ఏమీ లేదని చెప్పిన చోటికీ పంపాలి.