ఓటున్న ఆట, ఓటు లేని జట్టు: ఏళ్ల తరబడి ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ ఆడాక

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆట 2018 అక్టోబర్‌లో ఫోన్లలోకి వచ్చింది. నేను ఆ లోకంలోకి అడుగుపెట్టింది అప్పుడే, ఇప్పటికీ అందులోనే ఉన్నాను. ఇన్నేళ్ల తర్వాత దాని మంచిచెడులు రాద్దామని కూర్చుంటే ప్రతి పేరాలోనూ హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ జట్టు వచ్చి నిలబడుతోంది. కారణం ఉంది. ఈ ఆటను నేను ఎక్కువగా ఆడింది ఆ జట్టు మ్యాచ్‌లు చూస్తూనే. జట్టు 2019లో పుట్టింది, 2022లో విజేత అయింది, 2023–24లో కుప్పకూలింది, 2025లో ఊరే వదిలి వెళ్లిపోయింది. ఆట మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎందుకు పోలేదన్నదే నాకు ముఖ్యమైన విషయం కాబట్టి రెండింటినీ కలిపే రాస్తున్నాను.

ముందు ఆట ఎలా ఉంటుందో చెప్పాలి. గీలినోర్ అనే ఊహాలోకంలో మనకొక మనిషి ఉంటాడు. అదే సమయంలో వేలమంది ఇతర ఆటగాళ్లు అక్కడే తిరుగుతుంటారు. బొమ్మలు 2007 నాటివి. ముఖాలు పలకలు పలకలుగా, చేతులు చెక్క ముక్కల్లా కనిపిస్తాయి. కొత్తవాళ్లు చాలామంది ఆ రూపం చూసే వెనక్కి వెళ్లిపోతారు, అది వాళ్లకే నష్టం. ఇందులో కత్తి పట్టి యుద్ధమే చేయాలన్న నియమం లేదు. చేపలు పట్టవచ్చు, వంట చేయవచ్చు, గనులు తవ్వవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు. దాదాపు ప్రతి నైపుణ్యం 1వ స్థాయిలో మొదలై 99 దాకా సాగుతుంది. 99కి చేరాలంటే 1,30,34,431 అనుభవ పాయింట్లు కావాలి. అందులో సగం పూర్తయ్యేది 50 దగ్గరో 60 దగ్గరో కాదు, 92 దగ్గర! 92కి చేరామన్న సంబరంలో ఉన్నవాడికి ఇంకా అంతే దూరం మిగిలి ఉందని అప్పుడు తెలుస్తుంది.

డ్రేనార్ అనే పల్లెలో బ్యాంకుకు దగ్గరగా, నీటి ఒడ్డున కొన్ని విల్లో చెట్లున్నాయి. సంచిలో 28 గళ్లు ఉంటాయి. గొడ్డలి చెట్టుకు తగులుతుంటుంది, దుంగ ఒకటి వచ్చి గడిలో పడుతుంది, కాసేపటికి ఇంకొకటి. చెట్టు పడిపోతే పక్క చెట్టు మీద నొక్కాలి. సంచి నిండాక బ్యాంకుకు వెళ్లి ఖాళీ చేసుకుని రావాలి. ఈ లోకంలో ఏ పని జరిగినా 0.6 సెకన్ల లయలోనే జరుగుతుంది. ఆ లయ వేలికి అలవాటయ్యాక కళ్లు తెర మీద ఉండాల్సిన పని లేదు. సగం చూపు చాలు. మిగతా సగం టీవీకి ఇవ్వవచ్చు. ఫుట్‌బాల్ చూసేవాడికి ఇంత అనువైన ఆట నాకు ఇంకొకటి దొరకలేదు. పైగా పాత కంప్యూటర్లో నడుస్తుంది, అంతంతమాత్రం ఇంటర్నెట్‌తోనూ నడుస్తుంది. ఇంట్లో కంప్యూటర్ మీద మొదలుపెట్టిన పనిని అదే ఖాతాతో రాయదుర్గం వెళ్లే మెట్రోలో ఫోన్ మీద కొనసాగించవచ్చు.

కరోనా వల్ల 2020–21, 2021–22 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) సీజన్లు మొత్తం గోవాలోనే జరిగాయి. గచ్చిబౌలి మైదానం మూతపడి ఉంది. జట్టు ఎదిగిన ఆ రెండేళ్లూ మేము టీవీ ముందే గడిపాం. మనోలో మార్కెజ్ శిక్షణలో కుర్రాళ్లు బంతిని కాళ్ల దగ్గరే ఉంచుకుని, తొందర లేకుండా, ఒక్కొక్క పాస్‌తో ముందుకు వెళ్లేవారు. స్ట్రైకర్ ఒగ్బెచె 2021–22లో 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్‌తో వెనకబడ్డాం. 88వ నిమిషంలో పెనాల్టీ పెట్టె బయటి నుంచి సాహిల్ తవోరా గాలిలో ఉన్న బంతిని ఉన్నపళంగా కొట్టాడు, అది వెళ్లి వలలో పడింది. పెనాల్టీల్లో మా గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3–1తో కప్పు మనదైంది.

ఆ పెనాల్టీలు చూసినప్పుడు నాకు వెంటనే తట్టింది ఆటలోని జాడ్ అనే రాక్షసి. కరమ్జా అగ్నిపర్వతం కింద గుహల్లో 62 అలలుగా వచ్చే రాక్షసులను దాటుకుని వెళ్తే 63వ అలలో వచ్చేది ఇదే. దూరం నుంచి ఇది చేసే దాడులు రెండు రకాలు. వెనక కాళ్ల మీద లేచిందంటే మంత్రం వస్తోందని అర్థం. ముందు కాళ్లు నేలకేసి కొట్టిందంటే పైనుంచి రాయి పడబోతోంది. దాని ఒంటి కదలికను చూసి, దెబ్బ తగిలేలోగా సరైన రక్షణ ప్రార్థనకు మారాలి. తప్పితే ఒక్క దెబ్బకే దాదాపు ప్రాణం పోతుంది, గంటకు పైగా పడ్డ శ్రమంతా పోతుంది. భయంతో వేలు ముందే కదిలిపోవడం ఇక్కడ అందరికీ జరిగేదే. చివరి క్షణం దాకా ఆగి, ఎదుటివాడి ఒళ్లు చెప్పేది చదవగలగాలి. కట్టిమణి ఆ రాత్రి చేసిందదే. జాడ్‌ను గెలిచి, బహుమతిగా వచ్చే నిప్పుల దుప్పటి భుజాన వేసుకున్నవాళ్లకు గోల్‌కీపర్ కష్టం ఎలాంటిదో కొంచెమైనా తెలుస్తుంది.

2022–23లో 42 పాయింట్లతో రెండో స్థానం. సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌ల్లోనూ గోల్ పడలేదు, పెనాల్టీల్లో ఓడాం. బాధపడ్డాం కానీ భయపడలేదు. ఇంత మంచి జట్టు మళ్లీ వస్తుందనే అనుకున్నాం.

తర్వాతి సీజన్ గురించి రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంది. మార్కెజ్ గోవా జట్టుకు వెళ్లిపోయాడు, ఆకాశ్ మిశ్రా ముంబయికి వెళ్లాడు. జీతాలు అందడం లేదన్న వార్తలు మొదలయ్యాయి. కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. సీజన్ మధ్యలో బదిలీల కాలం రాగానే ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. విదేశీ ఆటగాళ్లలో కెప్టెన్ జువావ్ విక్టర్ ఒక్కడే చివరిదాకా ఉన్నాడు. అతని పేరు ఈ ఊరు మరిచిపోకూడదు. కోచ్ తంగ్బోయ్ సింగ్టో దాదాపు అందరూ భారతీయ కుర్రాళ్లే ఉన్న జట్టుతో మిగతా సీజన్ నెట్టుకొచ్చాడు. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క విజయం, అదీ చెన్నైలో. ఐదు డ్రాలు, 16 ఓటములు. 10 గోల్స్ చేసి 43 ఇచ్చుకున్నాం. ఎనిమిది పాయింట్లతో అట్టడుగున నిలిచాం. సొంత మైదానంలో ఒక్కటీ గెలవలేదు. అదే ఏడాది ఐఎస్‌ఎల్ కింది శ్రేణి అయిన ఐ-లీగ్‌లో ఇదే ఊరి శ్రీనిధి డెక్కన్ రెండో స్థానంలో నిలిచిందని చాలామందికి తెలియనైనా తెలియదు.

ఆ కుర్రాళ్ల మీద నాకు రవ్వంత కోపం కూడా లేదు. గచ్చిబౌలిలో సగానికి పైగా ఖాళీగా ఉన్న మెట్ల మీద కూర్చుని చూసినప్పుడు కుడివైపు ఆడుతున్న ఓ పిల్లవాడు పదేపదే వెనక్కి పరుగెత్తడం గమనించాను. తన వైపు నుంచి ప్రత్యర్థి దూసుకుపోయిన ప్రతిసారీ ఆఖరి ఊపిరిదాకా వెంటపడ్డాడు. మూడు గోల్స్ తేడాతో వెనకబడ్డాక కూడా అంతే. ఆ కుర్రాడికి అనుభవం రావాల్సిన పద్ధతి అది కాదు. ఆటలో కొత్తవాణ్ణి తీసుకెళ్లి నేరుగా జాడ్ ముందు నిలబెట్టరు. ముందు కోళ్లను, ఆ తర్వాత గాబ్లిన్లను ఎదుర్కొంటాడు, ఒంటికి ఇనుప కవచం వస్తుంది. మన వాళ్లకు ఆ మెట్లు లేకుండా చేశారు.

ఆ శీతాకాలమంతా నేను చేపలు పట్టాను. టీవీలో గోల్ పడేది, ఫోన్‌లో చేప పడేది. ఇది ఓదార్పని చెప్పను. ఓడిన జట్టు బాధను ఏ ఆటా తీర్చదు. కానీ మ్యాచ్ చివరిదాకా లేవకుండా కూర్చోవడానికి చేతికొక పని దొరికింది. 70వ నిమిషంలో టీవీ కట్టేయకుండా ఉండగలిగానంటే అందుకు ఈ ఆటే కారణం.

ఇక అసలు విషయం. ఈ ఆట ఇప్పుడు ఉందంటే ఆడేవాళ్లు అడిగి తెచ్చుకున్నారు కాబట్టే. మొదటి రూన్‌స్కేప్ 2001లో ఇంగ్లండ్‌లో మొదలైంది. 2012 నవంబర్‌లో దాని యుద్ధ పద్ధతిని సమూలంగా మార్చేశారు. పాతవాళ్లు కుప్పలుతెప్పలుగా వెళ్లిపోయారు. అప్పుడు తయారీదారులైన జాగెక్స్ వద్ద 2007 ఆగస్టు నాటి ఆట నకలు ఒకటి భద్రంగా ఉందని తేలింది. దాన్ని తిరిగి తెరవాలా వద్దా అని ఓటు పెట్టారు. సుమారు నాలుగున్నర లక్షల ఓట్లు పడ్డాయి. 2013 ఫిబ్రవరిలో పాత లోకం మళ్లీ తెరుచుకుంది.

ఆ ఓటు అక్కడితో ఆగలేదు. ఆటలోని బ్యాంకుల్లో నిజంగానే ఓటింగ్ పెట్టెలున్నాయి. మన మనిషిని నడిపించుకుంటూ వెళ్లి దాని మీద నొక్కితే ప్రతిపాదనలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి: ఫలానా కవచం బలం పెంచాలా, ఫలానా దారి తెరవాలా. మొదట్లో 75 శాతం ఒప్పుకుంటేనే మార్పు వచ్చేది, 2022 నుంచి 70 శాతం. 2019లో వార్డింగ్ అనే కొత్త నైపుణ్యాన్ని ఎంతో శ్రమపడి రూపకల్పన చేశారు. దానికి సగం కంటే ఎక్కువ మందే ఔనన్నారు, కానీ కావాల్సినంత మంది అనలేదు. దాన్ని పక్కన పెట్టేశారు. తర్వాత 2023లో ఆటగాళ్లే మూడు ఆలోచనల్లోంచి నౌకాయానాన్ని ఎంచుకున్నారు, అది 2025 నవంబర్‌లో వచ్చింది. ఇప్పుడు పడవేసుకుని తిరుగుతుంటే ఈ సముద్రంలో నా ఓటు కూడా ఉందన్న తృప్తి కలుగుతుంది. ఇన్నేళ్లలో నాకు ఈ ఆట మీద గౌరవం పెరగడానికి ఇదే అన్నిటికంటే పెద్ద కారణం.

హైదరాబాద్ ఎఫ్‌సీ విషయంలో మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. 2024–25లో నాలుగు విజయాలతో 12వ స్థానం. 2025 అక్టోబర్‌లో జట్టు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పసుపు చొక్కాలు వేసుకుని డప్పులు మోసుకొచ్చిన వాళ్లకు ఆ నిర్ణయం వార్తగానే తెలిసింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించిన భారత ఫుట్‌బాల్ జట్లను తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం ఊరు ఇది. ఆ జట్లలో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టినవాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఇలాంటి ఊరికి జట్టు ఉండాలా పోవాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఊరివాళ్లకు ఒక్క మాటైనా చెప్పే చోటు ఉండాలి. ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. జర్మనీలో క్లబ్బు ఓట్లలో సగానికి మించి సభ్యుల చేతుల్లోనే ఉండాలన్న నియమం 1998 నుంచి ఉంది, ఒకటి రెండు మినహాయింపులున్నా అది ఇప్పటికీ నిలిచే ఉంది. డబ్బున్న యజమాని మారినంత మాత్రాన ఊరు మారకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆటలో లోపాలు లేవని కాదు. అన్నిటికంటే పెద్దది సమయం. ఇది గంటలను మింగేస్తుంది. చదువుకునే పిల్లలకు పరిమితి లేకుండా ఇవ్వకూడదు. రెండోది బాట్ల బెడద. మనిషి లేకుండా ప్రోగ్రాములే ఆడే ఖాతాలు మంచి చోట్లన్నీ ఆక్రమించి సరుకుల ధరలు పడగొడతాయి. ఎన్నిటిని తొలగించినా మళ్లీ పుట్టుకొస్తున్నాయి. మూడోది బాండ్. నిజం డబ్బుతో దాన్ని కొని ఆటలో బంగారానికి అమ్ముకోవచ్చు. డబ్బు లేని ఆటగాడు తన బంగారంతో అదే బాండ్ కొని 14 రోజుల చెల్లింపు సభ్యత్వం పొందవచ్చు కాబట్టి పూర్తిగా చెడ్డదని అనలేను, అయినా కష్టపడి సంపాదించిన చోట కొనుక్కునే దారి ఉండటం నాకు నచ్చదు. సర్వర్ దూరంలో ఉంటే పోరాటాల్లో స్పందన ఆలస్యమవుతుంది, జాడ్ దగ్గర అది ప్రాణాంతకం. చేపలకూ చెట్లకూ ఏ ఇబ్బందీ లేదు. తెలుగులో ఆట లేదు. క్వెస్టుల్లోని, అంటే ఆటలో మనకు అప్పగించే పనుల్లోని కథలు, హాస్యం అంతా ఇంగ్లీషులోనే. చదివే ఓపిక ఉన్నవాళ్లకు మాత్రం అవి గొప్ప విందు. ‘వన్ స్మాల్ ఫేవర్’ అనే క్వెస్టులో ఒకాయన చిన్న సాయం అడుగుతాడు. అది చేయాలంటే ఇంకొకరికి సాయం చేయాలి, వాళ్ల కోసం మరొకరికి. అలా లోకమంతా తిరిగి రావాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వెంటనే సభ్యత్వం కొనవద్దు. ఉచిత భాగం చాలా పెద్దది. లంబ్రిడ్జ్‌లో వంటవాడికి గుడ్డు, పాలు, పిండి తెచ్చిపెట్టే క్వెస్టుతో మొదలుపెట్టండి. కరమ్జా రేవులో లాబ్‌స్టర్లు పట్టే స్థాయి దాకా వెళ్లండి. అప్పటికీ విసుగు రాకపోతే ఒక్క నెల సభ్యత్వం తీసుకుని చూడండి, ఏడాదికి ఒకేసారి కట్టకండి. ఓటు హక్కు సభ్యులకే ఉంటుంది. ప్రతిపాదనలు వచ్చినప్పుడు చదవకుండా ఔను నొక్కేయవద్దు. కింద ఉండే వివరణ మొత్తం చదివి, నచ్చకపోతే కాదని నొక్కండి.