పాత ముఖం, కొత్త బండి: మినీనా, ఫియట్ 500నా?

రెండూ పాత ప్రేమను తట్టిలేపే కార్లే. 1959 నాటి మినీని బీఎండబ్ల్యూ 2001లో మళ్లీ తెచ్చింది. 1957 నాటి ఫియట్ 500 సరిగ్గా యాభై ఏళ్లకు, 2007 జులై 4న తిరిగొచ్చింది.

ఆ మినీలో కూర్చోగానే డాష్‌బోర్డు నడిమధ్య పళ్లెమంత స్పీడోమీటర్, కింద వరుసగా టాగుల్ స్విచ్‌లు. ఒక్కటి టక్కుమనిపిస్తే చాలు, పాత రోజులు వేలికి తగులుతాయి. ఇంజిన్ కూడా అప్పటిలాగే ముందు అడ్డంగానే ఉంది. ఫియట్‌లో అలా కాదు, వెనకుండే ఇంజిన్ ముందుకొచ్చేసింది. పోలికలు మొహంలోనే మిగిలాయి. అయినా ఆ గుండ్రటి దీపాలు, ఒంటిరంగే పూసుకున్న డాష్‌బోర్డు చూస్తే ముద్దొస్తుంది.

పొడవులో రెండూ అర మీటరు పైనే పెరిగాయి (పిల్లలు ఎదిగినట్టే అనుకుంటాను). చూసి మురిసిపోవడానికైతే ఫియట్. నడుపుతూ మురవాలంటే నా ఓటు మినీకే.