వాడిన మెటల్ గిటార్ కొంటున్నారా? డబ్బు ఇచ్చే ముందు వెనక మూత విప్పించండి

పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు ఎవరైనా సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్ కోసం చూస్తుంటే, ముందు ఈ ఒక్క మాట వినండి. గిటార్ వెనక ప్లాస్టిక్ మూతలుంటాయి. డబ్బు చేతిలో పెట్టే ముందు అవి విప్పించి లోపల చూడండి. నేను చూడలేదు. 18,500 రూపాయలు పోసి, వరదలో మునిగిన గిటార్‌ని ముద్దుగా దుప్పట్లో చుట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

నాది పాలకొల్లు. ఇంజనీరింగ్ రోజుల నుంచి మెటల్ (హెవీ మెటల్ రాక్ సంగీతం) పిచ్చి. ఇన్నాళ్ళూ ఫ్రెండ్ దగ్గర తెచ్చుకున్న సింగిల్ కాయిల్ గిటార్‌తోనే లాగించాను. దానితో పెద్ద తలనొప్పి. డిస్టార్షన్ (సౌండ్‌ని గర్జించేలా మార్చే ఎఫెక్టు) పెంచితే చాలు, ఇంట్లో కరెంటు రొదంతా స్పీకర్లోకి దిగేది. పికప్ అంటే తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం. ఒకే కాయిల్ ఉన్న సింగిల్ కాయిల్ పికప్ తీగల సౌండ్‌తో పాటు 50 హెర్ట్జ్ కరెంటు హమ్‌ని కూడా పట్టేస్తుంది. మెటల్‌కి గెయిన్ (సిగ్నల్ బలం) ఎంత పెంచితే అదీ అంత పెరుగుతుంది. హంబకర్ అనే ఇంకో రకం పికప్‌లో రెండు కాయిల్స్ ఉంటాయి, ఒకదానిలో వచ్చిన హమ్‌ని రెండోది కొట్టేస్తుంది. 1950లలో గిబ్సన్ కంపెనీలో పనిచేసిన సెత్ లవర్ పుణ్యం అది. కాబట్టి నాకు కావలసింది రెండు హంబకర్లు, 24 ఫ్రెట్లు (తీగల కింద అడ్డంగా ఉండే లోహపు గీతలు), సన్నని నెక్ (అవి ఉండే పొడవాటి మెడ), అన్నీ 20 వేల లోపు.

సరిగ్గా అలాంటిదే అమ్మకానికి కనిపించింది. పేరున్న బ్రాండ్, నల్ల రంగు, ఫ్లాయిడ్ రోజ్ తరహా లాకింగ్ బ్రిడ్జ్, అంటే బాడీ మీద తీగల్ని బిగించి పట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగే భాగం. నీలం కర్టెన్ పక్కన గోడకి ఆనించి తీసిన ఫోటో. 22 వేలు చెప్పారు. ఆ ఫోటోని రెండు రోజుల పాటు ఎన్నిసార్లు చూసుకున్నానో నాకే తెలీదు. కానీ గిటార్‌నే చూశాను, దాని వెనకున్న గోడని చూడలేదు. ఆ గోడ సంగతి చివర్లో చెప్తాను.

ఆదివారం పొద్దున్నే చించినాడ వంతెన దాటి వెళ్ళాను. రాజోలు అవతల, గోదావరి లంకని ఆనుకుని ఉన్న ఊరు. మనుషులు మర్యాదస్తులే. కుర్చీ వేసి, కొబ్బరి బొండం కొట్టి ఇచ్చారు. "మా తమ్ముడిదండి. ఉద్యోగం వచ్చి హైదరాబాద్ ఎల్లిపోయాడు. వాడిందే లేదండి, ఆయ్" అన్నాడాయన. బొండం నీళ్ళు తాగాక మళ్ళీ స్క్రూడ్రైవర్ అడగాలంటే నాకు మొహమాటం వచ్చేసింది. ఇక్కడే మునిగాను.

గిటార్‌ని ప్రాసెసర్‌కి (ఎఫెక్టులిచ్చే పెట్టెకి) పెట్టి, గెయిన్ నిండుగా తిప్పి, ఆయనే నా చేతికిచ్చాడు. రెండు పవర్ కార్డ్స్ (రెండు మూడు తీగలు కలిపి మోగించే స్వరాలు) కొట్టాను. కిటికీ అద్దాలు అదిరాయి. నా గుండె కూడా. అసలు డిస్టార్షన్ చేసే పనేమిటంటే, చిన్న సౌండునీ పెద్ద సౌండునీ ఒకే ఎత్తుకి తెచ్చేస్తుంది. పికప్ బలహీనంగా ఉన్నా గర్జిస్తుంది. తీగ ఫ్రెట్‌కి తగిలి బరబరమన్నా అదీ మెటల్‌లో భాగమే అనిపిస్తుంది. నోట్ తొందరగా చచ్చిపోతున్నా తెలియదు. చేప తాజాగా లేనప్పుడే మసాలా దట్టిస్తారని మనకి తెలుసు, గిటార్ దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాం. ముందు ఎఫెక్టులన్నీ తీసేయించి క్లీన్ సౌండ్ వినాలి. ఒక్కో తీగనీ ప్రతి ఫ్రెట్ మీదా నొక్కి, నోట్ ఎంతసేపు నిలుస్తుందో చూడాలి. వాల్యూమ్, టోన్ నాబ్స్‌ని మెల్లగా తిప్పుతూ కరకరమంటున్నాయేమో వినాలి. పది నిమిషాల పని.

ఇంకో తెలివితక్కువతనం కూడా చేశాను. పికప్ స్విచ్ (రెండు పికప్‌లలో ఏది మోగాలో ఎంచుకునేది) నెక్ వైపు ఉంది. మెటల్ రిఫ్స్‌కి మనం ఎక్కువగా వాడేది బ్రిడ్జ్ పికప్. ఒకసారి అటు తిప్పితే సౌండ్ ఎందుకో సన్నబడింది. "సెట్టింగ్ అండి, ఈ ప్యాచ్ నెక్ పికప్‌కి చేసింది" అన్నాడు. నేనూ తలూపేశాను. బేరం 18,500కి తెగింది. తిరుగు ప్రయాణంలో వంతెన మీద బండి ఆపి గోదావరికి ఫోటో కూడా తీశాను, అంత ఆనందం.

రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజు దీన్ని డ్రాప్ సి అనే కింది ట్యూనింగ్‌లోకి దించుదామని 11-54 లావు తీగల సెట్ తెచ్చాను. మెటల్‌లో ఈ కింది ట్యూనింగ్‌ల కథ చిత్రమైనది. బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ అయోమీకి కుర్రతనంలో ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. తీగలు నొక్కడం తేలికవ్వడానికి వాటిని వదులు చేసుకున్నాడు. ఆ వదులు తీగల బరువైన సౌండే తర్వాతి వాళ్ళకి దారి చూపించింది. సరే, నా గోలకి వస్తాను. నా గిటార్‌కున్న ఈ తేలియాడే బ్రిడ్జ్ తక్కెడ లాంటిది. ముందు నుంచి తీగలు లాగుతాయి, వెనక నుంచి స్ప్రింగులు లాగుతాయి. తీగల లావు మార్చినా, ట్యూనింగ్ మార్చినా తక్కెడ ఒరిగిపోతుంది. మళ్ళీ సరిచేయాలంటే బ్రిడ్జ్ దగ్గర స్క్రూలు, వెనక స్ప్రింగుల స్క్రూలు తిప్పాలి. తీగ పట్టుకునే స్క్రూకి అలెన్ కీ పెట్టి తిప్పాను. కదల్లేదు. ఇంకాస్త బలం పెడితే స్క్రూ తల గుండ్రంగా అరిగిపోయింది.

మా వీధి చివర టీవీ మెకానిక్ బాబాయి షాపు ఉంది. టీవీలు, మిక్సీలు, రొయ్యల చెరువుల మోటార్ ప్యానెళ్ళు, ఏది తెచ్చినా బాగుచేస్తాడు. గిటార్ పట్టుకెళ్తే అటూ ఇటూ తిప్పి, మొదట వెనకున్న మూతలు విప్పాడు. ఒక స్క్రూ తుప్పు పట్టి తల ఊడిపోయింది. మూత ఎత్తి లోపలికి టార్చ్ కొట్టి, చాలాసేపు ఏమీ అనలేదు.

"ఒరే, ఎక్కడ కొన్నావురా దీన్ని?"

"రాజోలు అవతల బాబాయ్. వాడనే లేదంట."

"వాడకపోవడం నిజమేలే. ఈతకి మాత్రం ఎల్లింది."

తొంగి చూశాను. మూలల్లో ఎర్రటి మెత్తటి వండ్రు, ఎండిపోయి చిన్న చిన్న పెచ్చులుగా పగిలి ఉంది. వేలితో రాస్తే గంధంలా అంటుకుంది. వైర్ల టంకం మీద పచ్చగా చిలుము. రెండో మూత కింద, స్ప్రింగుల వెనక సందులో, గోరంత నత్తగుల్ల. బాబాయి దాన్ని స్క్రూడ్రైవర్ మొనతో తీసి నా అరచేతిలో పెట్టాడు.

2022 జూలై వరద తర్వాత లంక ఊళ్ళ నుంచి వచ్చిన టీవీలు, ఫ్రిజ్‌లు ఎన్ని విప్పాడో ఆయనకే లెక్క లేదు. ఆ వండ్రు రంగు చూస్తే చాలట. ఆ నెలలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగుల దగ్గర ఇస్తారు, అది దాటాక కూడా నీళ్ళు ఎక్కుతూనే పోయాయి. ఇళ్ళు మునిగిన వాళ్ళు తడిసిన సామాను అమ్ముకోవడంలో నాకు తప్పేమీ కనిపించదు. తడిసిందని చెప్పి 5 వేలకి ఇస్తే నేనే కళ్ళకద్దుకుని తెచ్చుకుని, తీరిగ్గా బాగుచేసుకునేవాణ్ణి. పాలిష్ కొట్టి, కొత్త తీగలు వేసి, వాడలేదని అమ్మడమే మంట.

తర్వాత బాబాయి మీటరు తీశాడు. ఇది ఎవరైనా చేయగలిగిన టెస్టే. గిటార్‌కి కేబుల్ పెట్టి, వాల్యూమ్ పూర్తిగా తిప్పి, కేబుల్ రెండో కొస మొన మీద ఒక ముల్లు, దాని పక్క లోహం మీద ఇంకో ముల్లు ఆనించాలి. మామూలు హంబకర్ అయితే సుమారు 8 నుంచి 16 కిలో ఓమ్స్ మధ్య చూపిస్తుంది. నా నెక్ పికప్ 8 చూపించింది. బ్రిడ్జ్ పికప్‌కి తిప్పితే 500 దగ్గరికి వెళ్ళిపోయింది. అంటే లోపల కాయిల్ తెగిపోయింది, మీటరుకి కనిపిస్తున్నది వాల్యూమ్ పాట్ (నాబ్ కింది భాగం) ఒక్కటే. తల వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ అది, చిలుము పడితే ఎన్నాళ్ళు ఆగుతుంది? ఆ రోజు "సెట్టింగ్ అండి" అన్నమాటకి అర్థం అప్పుడు తెలిసింది. ఈఎంజీ 81 లాంటి యాక్టివ్ పికప్స్‌కి మాత్రం ఈ లెక్క పనికిరాదు. అవి 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తాయి కాబట్టి బ్యాటరీ పెట్టే చోట చిలుము ఉందేమో చూసుకోవాలి.

పికప్ పోతే మార్చుకోవచ్చు. నా అసలు బాధ నెక్. వడ్రంగి దూలం వంకర చూసినట్టు, గిటార్‌ని ఎత్తి తల వైపు నుంచి బాడీ వైపుకి ఒంటికన్నుతో చూడాలి. నెక్ రెండు అంచులూ సమానంగా సాగాలి. నాదాంట్లో ఒక అంచు పైకి లేచి మెలి తిరిగింది. ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) నెక్ వంపుని సరిచేస్తుంది కానీ మెలిని సరిచేయలేదు. వంపు చూడ్డానికి తేలిక పద్ధతి ఉంది. లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి పట్టుకుంటే, 7, 8 ఫ్రెట్ల దగ్గర తీగ కింద విజిటింగ్ కార్డు మందమంత సందు ఉండాలి. చాలా ఎక్కువుంటే, అసలు లేకపోతే, అమ్మేవాళ్ళ ముందే ట్రస్ రాడ్ నట్ పావు చుట్టు తిప్పించి చూడండి. బిగుసుకుపోయి ఉంటే లేచి వచ్చేయండి. అలాగే ఫింగర్ బోర్డు (ఫ్రెట్లు ఉండే చెక్క పలక) చివర నెక్‌కి అతుక్కున్న చోట కాగితం ముక్క దూర్చి చూడండి. నాదాంట్లో బస్సు టికెట్ హాయిగా దూరిపోయింది. నీళ్ళకి జిగురు వదిలేసింది.

ఫ్లాయిడ్ రోజ్ తరహా బ్రిడ్జ్ రెండు పదునైన అంచుల మీద నిలబడి ఊగుతుంది. ఆ అంచులు తుప్పు పట్టినా, అరిగినా, వామీ బార్ (బ్రిడ్జ్‌ని ఊపే చేతి కడ్డీ) నొక్కి వదిలాక ట్యూనింగ్ మొదటికి రాదు. ట్యూనర్ పెట్టి, బార్ కిందికి పూర్తిగా నొక్కి వదిలి చూడండి. నన్నడిగితే మొదటిసారి కొనే సెకండ్ హ్యాండ్ గిటార్‌కి ఇదంతా ఎందుకు, ఫిక్స్‌డ్ (ఊగని) బ్రిడ్జ్ తీసుకోండి. ఐబానెజ్, జాక్సన్, ఎల్‌టీడీ, కోర్ట్, ఏ బ్రాండైనా సరే, ఫిక్స్‌డ్ బ్రిడ్జ్ మోడల్స్ దొరుకుతాయి. ట్యూనింగ్ దించుకోవడం తేలిక. మన వైపు ఉప్పు గాలికి తుప్పు పట్టే భాగాలు కూడా తక్కువ. డైవ్ బాంబులు (బార్ నొక్కి సౌండ్‌ని కిందికి జార్చే విన్యాసాలు) తర్వాత చూసుకోవచ్చు.

అమ్మినాయనకి ఫోన్ చేశాను. గట్టిగా కూడా మాట్లాడలేదు, సాయంత్రం పెళ్ళికి పిలుస్తున్నట్టే మాట్లాడాడు. "మీరు వాయించి చూసుకునే కదండీ పట్టుకెళ్ళారు, ఆయ్" అన్నాడు. వండ్రు ఫోటో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. మర్నాటి నుంచి ఫోన్ కలవడం లేదు. మాట్లాడిన మెసేజ్‌లలో "ఎప్పుడైనా తడిసిందా, రిపేరు జరిగిందా" అని నేను రాసి అడిగి ఉంటే చేతిలో కాస్త ఆధారం ఉండేది. మీరైనా రాసి అడగండి. హైదరాబాద్‌లో రిపేరు చేసే అతనికి ఫోటోలు పంపితే బ్రిడ్జ్, పికప్, పాట్స్ కలిపి 13 వేలు అవుతుందన్నాడు. నెక్‌కి గ్యారంటీ ఇవ్వనన్నాడు.

ఇప్పుడు గోడ సంగతి. నిన్న ఆ పాత ఫోటో మళ్ళీ తీసి చూశాను. నీలం కర్టెన్ పక్కన, గిటార్ నడుము ఎత్తులో, సున్నం కింద నుంచి మట్టి రంగు గీత ఒకటి గోడ పొడుగునా అడ్డంగా పోతోంది. నీళ్ళు నిలబడి తీసిన చార. లంకల్లో ఏ ఇంటికెళ్ళినా కనిపించేదే.

ఇదంతా ఇవాళే రాయడానికి కారణం ఉంది. అదే కర్టెన్, అదే గోడ, అదే చార పక్కన ఇప్పుడు ఎర్ర రంగు బేస్ గిటార్ అమ్మకానికి పెట్టారు. ధర 15 వేలు, "అసలు వాడలేదు" అని రాశారు. చూడ్డానికి వెళ్ళేవాళ్ళు స్టార్ స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని వెళ్ళండి. బొండం మాత్రం మూత విప్పాకే తాగండి.