విశ్వం సాగితే తంతువుకు శక్తి ఎక్కడిది? రెండు జవాబుల్లో ఏది మేలు?

అనంతపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే పిల్లలకు కాస్మిక్ తంతువుల (తొలి విశ్వంలో ఏర్పడి ఉంటాయని భావించే, అతి సన్నని, అతి బరువైన దారాల) దగ్గర ఒక చిక్కు వస్తుంది. విశ్వం విస్తరిస్తే తంతువు సాగుతుంది, పొడవుతోపాటు శక్తీ పెరుగుతుంది. ఆ శక్తిని గురుత్వ క్షేత్రం ఇచ్చిందని కొందరంటారు. విశ్వం మొత్తానికి శక్తి నిత్యత్వ నియమం వర్తించదని మరికొందరు. రెండోదే మేలు.

ముందు లెక్క చూడండి. అనంతపురం నుంచి కర్నూలు దాకా, సుమారు 150 కిలోమీటర్ల తంతువు ఉందనుకోండి. (గెలాక్సీ లోపల విస్తరణ ఉండదు, ఊళ్లు కొలతకే.) మహా ఏకీకరణ స్థాయిదైతే (గురుత్వం తప్ప మిగతా ప్రకృతి బలాలు ఒకటయ్యే శక్తి దగ్గర పుట్టినదైతే) మీటరుకు దాదాపు 10²¹ కిలోలు, మొత్తం పాతిక భూముల బరువు. దూరాలు రెట్టింపైతే పొడవు 300. రబ్బరులా సన్నబడదు, మీటరు బరువు అంతే ఉంటుంది, కాబట్టి శక్తీ రెట్టింపు. ఘనపరిమాణం 8 రెట్లు, సాంద్రత నాలుగో వంతు.

తంతువు పొడవు దిశలోనే లాగుతుంది. అన్ని దిశల తంతువులకూ సగటు తీస్తే పీడనం శక్తి సాంద్రతలో మూడో వంతు, ఋణ గుర్తుతో. "శక్తిలో మార్పు = −పీడనం × ఘనపరిమాణంలో మార్పు" అన్నదాన్ని సమాకలనం చేస్తే సరిగ్గా రెట్టింపే వస్తుంది. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: పీడనం గుర్తు మరిస్తే శక్తి తగ్గినట్టు తేలుతుంది. తగ్గేది కాంతికి. దాని పీడనం ధనాత్మకం. 3000 కెల్విన్ దగ్గర బయల్దేరిన నేపథ్య వికిరణం (తొలి విశ్వం నుంచి మిగిలిన కాంతి) ఇప్పుడు 2.725కు దిగింది.

గురుత్వ క్షేత్రం ఇచ్చిందంటే ఏ బిందువు దగ్గర ఎంత ఇచ్చిందో చెప్పాలి. చెప్పలేం, నిర్దేశాంకాలు మారిస్తే అక్కడి విలువ సున్నా అవుతుంది. పైగా నిటారు తంతువు పక్కనున్న వస్తువును లాగనే లాగదు, దాని బరువు ప్రభావాన్ని తన్యత (పొడవునా ఉండే లాగుడు) కొట్టేస్తుంది.

గణిత శాస్త్రవేత్త ఎమ్మీ నోథర్ 1918లో చూపినట్టు, కాలంతో మార్పులేని వ్యవస్థకే శక్తి నిత్యం. విస్తరించే స్థలకాలం అలాంటిది కాదు. అలాగని లెక్క తప్పదు: ప్రతి చిన్న ప్రాంతంలోనూ పై సమీకరణం నిలుస్తుంది. "పీడనం గోడను తోసి పని చేసింది" అని మాత్రం రాయకండి. విశ్వానికి గోడ లేదు.

నిజమైన తంతువులు ఊరికే సాగవు, కదులుతాయి. వేగం వర్గం సగటున కాంతివేగం వర్గంలో సగమైతే పీడనం సున్నా, శక్తి పెరగదు. ఒకదాన్నొకటి ఖండించుకుని వలయాలు విడిపోతాయి. అవి గురుత్వ తరంగాలుగా కరిగిపోతాయి. అప్పుడు సాంద్రత కాలం వర్గానికి విలోమంగా పడిపోతుంది. రెట్టింపు లెక్కను క్షితిజం (అప్పటిదాకా కాంతి ప్రయాణించగలిగిన దూరం) కన్నా పొడవైన, దాదాపు కదలని తంతువులకే వాడండి.