బీరువాలోంచి ఫోన్‌లోకి: పదేళ్లుగా శోధగంగ వాడుతున్న ఒక తెలుగు అధ్యాపకుడి మాట

నేను పీహెచ్‌డీకి రిజిస్టరైన ఏడాది మా గైడు గారు నాకు మొదట పురమాయించిన పని, పాత థీసిస్‌లు చూసి రమ్మని. చెక్కభజన పాటల మీద అంతకుముందు ఎవరేం చేశారో తెలుసుకోకుండా ఊళ్ల మీదికి పోవద్దన్నారు. ఆ మాట పట్టుకుని మూడు యూనివర్సిటీలు తిరిగాను. ఒకచోట థీసిస్‌ల గదికి తాళం వేసి ఉంది, తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నారు. రాత్రి బస్సు దిగిన నేను రెండు రోజులు లాడ్జిలో పడి ఉన్నాను. మూడో రోజు థీసిస్ చేతికి వచ్చింది గానీ జిరాక్స్‌కు ఒప్పుకోలేదు. సాయంత్రం ఐదింటిదాకా కూర్చుని నలభై రెండు పేజీలు చేత్తో రాసుకున్నాను. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, అదే థీసిస్‌ను తర్వాత ఒకరోజు మా ఊరి బస్టాండులో నిలబడి ఫోన్‌లో తెరిచాను. అది శోధగంగ పుణ్యం. 2014 నుంచి దాన్ని దాదాపు రోజూ వాడుతున్నాను. నా పరిశోధనకు వాడుకున్నాను, ఇప్పుడు మా విద్యార్థుల ప్రాజెక్టులకు వాడుతున్నాను. కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మన దేశంలో పీహెచ్‌డీ వచ్చిన సిద్ధాంత గ్రంథాలను అందరూ చదువుకునేలా ఒకచోట పెట్టే భాండాగారం ఇది. యూనివర్సిటీ లైబ్రరీలను నెట్‌వర్క్‌తో కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం గుజరాత్‌లోని గాంధీనగర్ నుంచి దీన్ని నడుపుతుంది. థీసిస్ సాఫ్ట్ కాపీ ఇవ్వాలని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2009లో నిబంధన పెట్టింది. 2016 నిబంధనల్లో అయితే డిగ్రీ ప్రదానానికి ముందే ఎలక్ట్రానిక్ కాపీ ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు చేరాలని చెప్పింది. ఇప్పుడు అందులో 5 లక్షలకు పైగా థీసిస్‌లున్నాయి. పైసా కట్టక్కర్లేదు, ఎవరి సిఫారసు ఉత్తరమూ అక్కర్లేదు. సినాప్సిస్‌ల కోసం, అంటే చేయబోయే పరిశోధన గురించి ముందుగా ఇచ్చే సంగ్రహాల కోసం, శోధగంగోత్రి అని పక్కనే ఇంకొకటుంది. కొత్తగా విషయం ఎంచుకునేవాళ్లు ముందు దాన్ని చూడాలి. ఇప్పుడు ఎవరు దేని మీద పనిచేస్తున్నారో తెలుస్తుంది, అదే పని ఇంకోసారి చేసే బాధ తప్పుతుంది.

వాడకం విషయానికొస్తే, థీసిస్ అంతా ఒకే ఫైలుగా ఉండదు. ముఖపత్రం, సర్టిఫికెట్లు, విషయసూచిక, ఒక్కో అధ్యాయం, అన్నీ విడివిడి పీడీఎఫ్‌లు. మొదట్లో ఇది నాకు చికాకుగా ఉండేది. అన్నీ దించి, కలిపి, వరసలో పెట్టుకోవడానికి అరగంట పట్టేది. తర్వాత దీని మేలు తెలిసింది. మా కాలేజీలో నెట్ సిగ్నల్ అంతంతమాత్రం, నాకు కావలసిన అధ్యాయం ఒక్కటే దించుకుంటే సరిపోతుంది. ఫైళ్ల వరసలో చివర 80 అంకెతో 'రికమెండేషన్' అని ఒకటి ఉంటుంది. అందులో ముఖపత్రం, ఉపసంహారం కలిపి ఉంటాయి. నేను ముందు అదే తెరుస్తాను. ఉపసంహారం నాలుగు పేజీలు చదివితే ఆ పరిశోధకుడు ఊళ్లకు పోయాడా, పుస్తకాల మీదే కూర్చున్నాడా అన్నది తెలిసిపోతుంది. ఆ తర్వాత ఉపయుక్త గ్రంథ సూచి. చివరికి అనుబంధం. జానపదం మీద పనిచేసేవాళ్లకు అసలు నిధి అనుబంధమే. పాటల పాఠాలు, పాడినవాళ్ల ఊరు, వయసు, వృత్తి అన్నీ అక్కడే ఉంటాయి.

ఇక తెలుగు థీసిస్‌ల దగ్గరికి వస్తాను. నా బాధంతా ఇక్కడే.

మన థీసిస్‌లు ఏళ్ల తరబడి 'అను' అనే పేరున్న తెలుగు ఫాంట్లలో డీటీపీ అయ్యాయి. కాగితం మీద అవి ముత్యాల్లా ఉంటాయి. పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట అతికిస్తే మాత్రం 'రాయలసీమ' అన్న మాట ఇంగ్లీషు అక్షరాలు, వాటి మీద టోపీలు, కొమ్ములు, కరెన్సీ గుర్తులుగా మారిపోతుంది. ఆ ఫాంట్ల కింద ఉన్నది తెలుగు యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరంగా గుర్తుపట్టే పద్ధతి) కాదు గనక కంప్యూటర్‌కు అక్కడ తెలుగు ఉన్నట్టే తెలియదు. ఇంకొన్ని థీసిస్‌లు స్కాన్ చేసిన పేజీలు, అంటే బొమ్మలు. నాలుగు వందల పేజీల గ్రంథంలో ఒక ఊరి పేరు ఎక్కడ వచ్చిందో వెతకాలంటే నాలుగు వందల పేజీలూ కళ్లతో చూసుకుంటూ పోవాలి. నేను పోయాను. ఒకసారి 'కులుకు భజన' అన్న మాట కోసం రెండు రాత్రులు కూర్చున్నాను.

శీర్షికలది ఇంకో కథ. చాలా తెలుగు థీసిస్‌ల పేర్లు అక్కడ ఇంగ్లీషు లిపిలోనే నమోదై ఉన్నాయి. మన థీసిస్‌లలో సగానికి సగం 'ఒక పరిశీలన' అనో 'సమగ్ర పరిశీలన' అనో ముగుస్తాయి గదా. ఆ 'పరిశీలన'ను ఒకరు 'ఎస్' ఒక్కటే వేసి రాస్తారు, ఇంకొకరు పక్కన 'హెచ్' చేరుస్తారు. ఒకరు 'ఐ' పెడతారు, ఇంకొకరు 'ఈ'లు రెండు పెడతారు. ఒక్కో స్పెల్లింగుకు ఒక్కో జాబితా వస్తుంది. నా విద్యార్థులకు మొదటి పాఠంగా ఇదే చెబుతాను: మాటను నాలుగు రకాలుగా రాసి వెతకండి, అయినా దొరక్కపోతే యూనివర్సిటీ పేరు తెరిచి, తెలుగు శాఖలోకి పోయి, ఒక్కొక్కటీ చూసుకుంటూ దిగండి. ఓపికగా దిగితే దొరుకుతుంది.

ఈ లోపాలను చిన్నవిగా తీసిపారేయలేను. ఇంగ్లీషులో రాసిన థీసిస్ గూగుల్‌లో ఒక్క మాటతో పైకి తేలుతుంది. తెలుగులో రాసినది అదే భాండాగారంలో ఉండి కూడా కనబడదు. తెలుగులో పరిశోధన చేయడమే ఒక శిక్షలా ఉండకూడదు గదా! థీసిస్ సమర్పించేటప్పుడు యూనికోడ్ ప్రతి తప్పనిసరి అని ప్రతి తెలుగు శాఖా ఒక తీర్మానం చేసుకుంటే చాలు. డీటీపీ వాళ్లు కూడా యూనికోడ్‌లో కొట్టగలరు, మనం అడగాలి అంతే.

నా సొంత థీసిస్‌దీ ఒక గోడు ఉంది. వైవా (థీసిస్ మీద మౌఖిక పరీక్ష) అయ్యాక బైండు ప్రతులతోపాటు సీడీలు కూడా ఇచ్చాను, రసీదు తీసుకున్నాను. మూడేళ్లు గడిచినా శోధగంగలో నా పేరు లేదు. అడిగిన ప్రతిసారీ 'పంపించాం సార్' అన్నారు. చివరికి ఆ విభాగానికి వెళ్తే నా సీడీ కవరు విప్పకుండా అట్టపెట్టెలో ఉంది. దాని కింద ఇంకా చాలా ఉన్నాయి, పేర్లన్నీ నాకు తెలిసినవాళ్లవే. ఐదేళ్లు ఊరూరా తిరిగి చేసిన పని ఆ పెట్టెలో చూసినప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. తర్వాత అప్‌లోడ్ అయింది గానీ నాలుగో అధ్యాయం జాగాలో మూడో అధ్యాయమే రెండుసార్లు పడింది. రెండు ఉత్తరాలు రాశాక సరిచేశారు. అందుకే డాక్టరేట్ వచ్చిన ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను: మీ థీసిస్ పేజీ ఒకసారి తెరవండి, ప్రతి ఫైలూ విప్పి చూడండి.

పెద్దలు కొందరు 'అందరికీ పెడితే కాపీ కొట్టరా' అంటారు. నా అనుభవం దీనికి ఎదురుగా ఉంది. బీరువాలో ఉన్న థీసిస్‌ను ఎత్తుకుపోతే పట్టుకునేవాడే లేడు. బయట ఉన్నదాన్ని నలుగురూ చదువుతారు గనక ఎత్తిరాసినవాడు దొరుకుతాడు. 2019లో శోధశుద్ధి పేరుతో యూనివర్సిటీలకు కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ కూడా ఇచ్చారు. కానీ బొమ్మలుగా ఉన్న తెలుగు పేజీల్లో పోల్చి చూడ్డానికి దానికి అక్షరమే దొరకదు. అక్కడా యూనికోడే మందు.

ఒకప్పుడు థీసిస్ జనంలోకి రావాలంటే అచ్చు కావాల్సిందే. ఉస్మానియాలో తెలుగులో తొలి పీహెచ్‌డీ బిరుదురాజు రామరాజు గారిది, అదీ జానపద గేయాల మీద. అది పుస్తకంగా వచ్చింది గనక మా తరం దాకా అందింది. అలా అచ్చు వేయించుకునే స్తోమత అందరికీ ఉండదు. నా గైడు గారి శిష్యుల్లో పుస్తకం వేసుకున్నవాళ్లు ముగ్గురే.

ఒక్కచోటే అన్నీ ఉండటం మీద ఒక భయం కూడా ఉంది. బ్రిటిష్ లైబ్రరీ నడిపే ఈథోస్ అనే థీసిస్‌ల సేవ 2023 అక్టోబరులో జరిగిన సైబర్ దాడి తర్వాత చాలా కాలం మూతపడింది. అందుకని నాకు అవసరమైనవి కనబడిన రోజే దించి హార్డ్ డిస్కులో పెట్టుకుంటున్నాను. యూనివర్సిటీలు కూడా తమ ప్రతి తమ దగ్గర ఉంచుకోవాలి.

పోయిన ఏడాది ఒక పాత థీసిస్ అనుబంధంలో మా జిల్లాలోని ఒక పల్లె పేరు, అక్కడ చెక్కభజన గురువుగా ఉన్న ఒక ముసలాయన పాడిన ఏడు పాటలు చూశాను. ఆదివారం బండి మీద ఆ ఊరికి పోయాను. ఆయన పోయి చాలాకాలమైంది. మనవడు ట్రాక్టరు కడుగుతున్నాడు. ఫోన్ తీసి చూపించాను. స్కాన్ పేజీ, అక్షరాలు కొంచెం మసక. అతను చెయ్యి తుడుచుకుని, తెరను పెద్దది చేసుకుని, తాత పేరు రెండుసార్లు చదివాడు. తర్వాత పాట మొదలుపెట్టి మధ్యలో ఆగాడు.

'ఇది మా జేజినాయన పాటే సార్. కానీ రెండో చరణం ఇట్ల కాదు, రాసుకున్నాయన తప్పు రాసుకున్నాడు.'

ఎట్లా పాడాలో పాడి వినిపించాడు. రికార్డు చేసుకున్నాను. ఆ ఏడు పాటల పీడీఎఫ్ అతని ఫోన్‌లోకి పంపించి వచ్చాను.